పాత ప్యాకింగ్ మళ్ళీ వెయ్యొచ్చా?

మా పాప కారులో తప్ప నిద్రపోదు. ఉయ్యాలలో వేసి ఊపాం, భుజాన వేసుకుని తిరిగాం, పాడి పాడి నా గొంతు బొంగురుపోయింది. ఊహూఁ. ఇంజను గుర్రుమనాలి, కారు కదలాలి. అప్పుడే మా బుడంకాయకి రెప్పలు బరువెక్కుతాయి. ఎనిమిది నెలల పిల్లకి ఇంత దర్జా ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకెవరికీ అర్థం కాదు. రోజూ మధ్యాహ్నం మూడింటికి మామయ్యగారో మా ఆయనో మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని నాలుగు వీధులు తిప్పుతారు. అది రెండు గంటలు పడుకుంటుంది. నేను తినడం, తల దువ్వుకోవడం, కాళ్ళు చాపుకోవడం అన్నీ ఆ రెండు గంటల్లోనే.

అలాంటి కారుని ఆ శనివారం పొద్దున విప్పించింది నేనే. రెండు రోజులుగా కారు ముందు భాగం నుంచి మాడిన ఆయిల్ వాసన వస్తోంది. ఆ వాసన పాప ముక్కులోకి పోతుందేమో, పోతే దగ్గు వస్తుందేమో, దగ్గు ముదిరితే ఇంకేమవుతుందో అని నేను వరసపెట్టేసరికి మా ఆయన తల ప్రాణం తోకకొచ్చి స్పానర్లు పట్టుకుని బయటికి నడిచారు.

లోపం తేలిగ్గానే దొరికింది. ఇంజను నెత్తిన ఒక మూత ఉంటుంది, దాన్ని ట్యాపెట్ కవరంటారు. దాని అంచు చుట్టూ రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. కుక్కర్ మూతకి గాస్కెట్ ఎలాగో దానికి ఇది అలాగ. అక్కడ ఆయిల్ చెమ్మగిల్లి వేడి గొట్టం మీద పడి మాడుతోంది. అంచులో ఒకచోట మడ్డి గట్టిపడి మూత సరిగా కూర్చోలేదు. మడ్డి గీకేశారు. ఇక మిగిలింది ఆ ప్యాకింగే. కొత్తదాని కోసం షాపుకి ఫోన్ చేస్తే, మీ మోడల్‌ది మంగళవారానికి గానీ రాదన్నారు.

మంగళవారం! వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. శని, ఆది, సోమ. మూడు మధ్యాహ్నాలు.

"కొత్తదెందుకురా?" అన్నారు మామయ్యగారు. ఆయన ముప్పై ఏళ్ళు లారీలు బాగుచేసిన మనిషి. విప్పిన ప్యాకింగ్‌ని పారేసిన పాపాన పోలేదు. "తుడిచి ఇదే వేసెయ్. నిక్షేపంలా ఉంది."

"నాన్నా, విప్పిన ప్యాకింగ్ మళ్ళీ వెయ్యకూడదు. ఈయన చెప్తున్నాడు చూడు." మా ఆయన ఫోన్ చూపించారు. అందులో చొక్కా నలగని మనిషొకడు మెరిసిపోతున్న ఇంజను పక్కన నిలబడి ఏదో చెబుతున్నాడు.

"వాడి గోళ్ళు చూడు. ఒక్క గోట్లో మురికి లేదు. వాడూ ఒక మెకానిక్కే?"

"మరి ఇది గట్టిపడిపోయింది కదా!"

"గట్టిపడ్డం వేరు, గట్టితనం వేరురా. నీకా తేడా తెలిస్తే నా కొడుకువి ఎందుకవుతావు?" మామయ్యగారు ప్యాకింగ్‌ని వాసన చూశారు. చెంపకి ఆనించుకున్నారు. వేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు కూడా. "బతికే ఉంది."

మధ్యాహ్నమైంది. మామయ్యగారు బిగించమంటారు, మా ఆయన వద్దంటారు. మా ఆయనకి కోపమొచ్చి సరే బిగిస్తానంటే, మామయ్యగారు, "నింద నామీద పెట్టి బిగిస్తావా, వద్దులే" అని అలిగారు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు.

"నువ్వే చెప్పమ్మాయ్. రోజూ కుక్కర్ గాస్కెట్ చూసేదానివి."

"అవును, నువ్వే చెప్పు. రేపు మళ్ళీ వాసనొస్తే నన్ను పీక్కుతినేది నువ్వేగా!"

వెయ్యమంటే ఆయిల్ కారుతుందేమోనని భయం. వద్దంటే పాప మూడు రోజులు పడుకోదని భయం. ఏదీ చెప్పలేక, "ఉండండి, ముందు శుభ్రంగా కడిగి చూస్తాను" అని దాన్ని వంటింట్లోకి తెచ్చుకున్నాను.

నాకు శుభ్రం చెయ్యడమంటే ఒకటే పద్ధతి వచ్చు. పాప పుట్టిన దగ్గర్నుంచీ పాలసీసాలు, పీకలు, చెంచాలు, గిలక్కాయలు అన్నీ మరిగే నీళ్ళలో వేస్తున్నాను. చెయ్యి అలవాటుకొద్దీ అటే పోయింది. సబ్బుతో మూడుసార్లు రుద్ది, పాత గిన్నెలో నీళ్ళు మరిగించి, ఇరవై నిమిషాలు ఉడికించాను. జిడ్డంతా వదిలి నల్లగా నిగనిగలాడింది. తీసి, ఎప్పటిలాగే వరండాలో పాప చాప పక్కన ఉన్న బుట్టలో, గిలక్కాయల పక్కన ఆరబెట్టాను.

ఆరబెట్టి, ఆ చేత్తోనే తడి గుడ్డ కోసం లోపలికి వెళ్ళాను. అంతే.

"అమ్మాయ్!" అని మామయ్యగారి కేక. పరుగెత్తుకొచ్చేసరికి పాప చాప మీద కూర్చుని ఉంది. బారెడు ప్యాకింగ్ దాని మెడ చుట్టూ దండలా వేలాడుతోంది. దాని అంచు నోట్లో ఉంది. కింది పళ్ళు రెండూ దానిమీద టకటకలాడుతున్నాయి.

లాగేశాను. ఒక ముక్క లేదు!

"మింగేసిందండీ! అయ్యో, మింగేసింది! ఇంజను మింగేసింది!"

"ఇంజను కాదే, ప్యాకింగ్" అన్నారు మా ఆయన. నేను నోట్లో వేలు పెట్టాను. లేదు. కరిచింది. ఆయన పాపని బోర్లా తిప్పారు. మామయ్యగారు చాప దులిపారు. నేను ఏడుస్తున్నాను, పాప నవ్వుతోంది.

"దొరికింది, దొరికింది!" మామయ్యగారు పాప గెడ్డం కింద మడతలోంచి బియ్యపు గింజంత నల్ల ముక్కని తీశారు. దాన్ని ప్యాకింగ్ దగ్గర పెట్టి అతికించి చూశారు. అచ్చంగా సరిపోయింది. నేను పాపని లాక్కుని గుండెకి అదుముకున్నాను.

ఆయన మాత్రం ఆ ముక్కని వదల్లేదు. వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. మొహం మెల్లగా మారింది.

"ఒరేయ్. సరుకు బాగుంటే పంటి నొక్కు పడినా మళ్ళీ పైకి లేస్తుంది. ఇది బిస్కెట్లా విరిగింది. పాలు తాగే పళ్ళకే విరిగింది."

"అంటే?"

"చచ్చిపోయింది. నేను చెవి పెట్టి విన్నాను, నాకు తెలీలేదు. పాప కొరికి చెప్పింది."

మా ఆయన గెలిచినట్టు చేతులెత్తబోయి, నా మొహం చూసి దించేశారు. నాకు నిర్ణయం చెప్పడానికి ఇక భయం లేదు. "మంగళవారం దాకా బిగించొద్దు" అన్నాను.

అప్పటికి మూడున్నర. పాప కళ్ళు నులుముకుని, మూతి విరిచి, రాగం అందుకుంది. ఉయ్యాల చూపిస్తే కాళ్ళతో తన్నింది. భుజాన వేసుకుంటే వెనక్కి విరుచుకుపడింది. పావుగంటకి ఎదురింటి టీచరమ్మ కిటికీ మూసుకుంది.

మామయ్యగారు ఇంజను మీద దుప్పటి కప్పి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. "ఒరేయ్, వెనక నుంచి తొయ్యి. అమ్మాయ్, ఎక్కు."

మా వీధి చదునుగా ఉంటుంది కాబట్టి కారు కదిలింది. మామయ్యగారు పెదాలు బిగించి "గుర్ర్ర్ర్" అన్నారు. పాప ఏడుపు ఆపి చూసింది. మలుపు దగ్గర ఆయన గేరు మార్చారు. చేత్తో కాదు, గొంతుతో. ముప్పై ఏళ్ళు విన్న శబ్దాలన్నీ వరసగా వచ్చాయి. మూడో గేరులో పాప రెప్పలు వాలాయి.

టీచరమ్మ కిటికీ మళ్ళీ తెరుచుకుంది.

రెండో చుట్టుకి మా ఆయన చొక్కా తడిసి ముద్దయింది. కిటికీ దగ్గరికి వంగి, "నాన్నా, కాసేపు నువ్వు తొయ్యి. నేను కూర్చుంటాను" అని గుసగుసలాడారు.

"నేను దిగితే ఇంజను ఎవర్రా?"

"నేను చెయ్యలేనా గుర్రు? గుర్ర్..."

పాప ఒక కన్ను తెరిచింది. మామయ్యగారు గబగబా అందుకుని మెల్లగా, సన్నగా, దూరంగా పోతున్న లారీలా మూలిగారు. కన్ను మూసుకుంది.

"ఎంతసేపు తొయ్యాలే ఇంకా?" అన్నారు మా ఆయన వెనకనుంచి.

గడియారం చూసుకున్నాను. "గంటా నలభై నిమిషాలండీ" అని, కాళ్ళు ముందు సీటు కిందకి చాపుకున్నాను.