ఆరేసిన రోజు

నేను ఒక నారింజరంగు లైఫ్ జాకెట్‌ని. ప్రాణాలు కాపాడతానని పేరులోనే పెట్టుకు తిరిగాను గానీ, ఇన్నేళ్లలో ఒక్క ప్రాణాన్నీ కాపాడలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే మీరు నామీద జాలిపడతారు, ఆ తరవాత ఆ జాలిని వెనక్కి తీసుకోలేక ఇబ్బంది పడతారు.

నేను పుట్టింది ఎక్కడో దూరపు ఊళ్లో, వరసగా కుట్టుమిషన్లు వేసిన ఒక రేకుల షెడ్డులో. పొట్టలో మెత్తటి ఫోమ్ అట్టలు కుక్కి, మూతి కుట్టేశారు. నాకు నడుంపట్టీలు కుట్టిన అమ్మాయి పక్కదానితో తన పెళ్లిచూపుల కబుర్లు చెబుతూనే పని కానిచ్చింది. చివరికి ఒకాయన నాకు ఇసకమూట కట్టి నీళ్లతొట్టిలో పడేశాడు. నేను తేలాను. ఆయన నావంక చూడనైనా చూడకుండా పక్కన పడేసి ఇంకోదాన్ని అందుకున్నాడు గానీ, నాకు మాత్రం గర్వంతో పొట్ట ఉబ్బిపోయింది. బతుకులో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. అదీ ఒక ఇసకమూట కోసం.

అక్కణ్ణించి లారీలో శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డునున్న ఒక బెస్తపల్లెకి వచ్చాను. షామియానా వేశారు, మైకు పెట్టారు. పెద్దమనుషులు మమ్మల్ని ఊళ్లోని జాలర్లకి ఒక్కొక్కరికీ తొడిగి ఫొటోలు దిగారు. వాళ్ల కార్లు లేపిన దుమ్ము ఇంకా అణగకముందే అందరూ మమ్మల్ని విప్పి చంకన పెట్టుకున్నారు. నన్ను చంకన పెట్టుకున్నవాడు ఎల్లాజీ. ఇంటికెళ్లగానే పడవకి వేయగా మిగిలిన తెల్లరంగుతో నా వీపుమీద తన పేరు రాసుకున్నాడు. ఆ అక్షరాలు చూసి, ఇక నేను ఇతని ఛాతీ మీదే ఉంటాననుకున్నాను.

కానీ ఎల్లాజీ నన్ను ఒక్కనాడూ తొడుక్కోలేదు. వల లాగడానికి చెయ్యి ఆడదు, ఉక్కపోస్తుంది అని పైకి చెప్పేవాడు. ఆ పల్లెలో మగవాళ్లందరి మాటా అదే. లోపలి సంగతి వేరు. పుట్టినప్పటినుంచీ గంగమ్మ ఒళ్లో ఆడుకున్నవాళ్లు వాళ్లు. నన్ను తగిలించుకుని పడవెక్కడమంటే, తల్లీ నీమీద నాకు నమ్మకం లేదు అని ఆవిడ మొహంమీదే చెప్పడం. అంత మాట అనడానికి ఎవడికీ నోరు రాలేదు. అందుకని ఎల్లాజీ నన్ను ఇంజను దగ్గర చెక్కమీద వేసుకుని కూర్చునేవాడు. ఇంటికొస్తే అతని పెళ్లాం నూకరత్నం నన్ను కింద వేసుకుని ఎండుచేపలు ఏరేది. మధ్యాహ్నం నన్నే తలగడ చేసుకుని ఇద్దరూ వంతులవారీగా కునుకు తీసేవారు. కాపాడాల్సినదాన్ని పీటనై, తలగడనై బతికాను. అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది.

నూకరత్నం గురించి చెప్పాలి. ఆ పల్లెలో చేప నీళ్లలో ఉన్నంతసేపే మగవాళ్లది. ఇసక తాకిందంటే ఆడవాళ్లది. రేటు కట్టడం, వేలంపాట పెట్టడం, చేపలు కొనే సేట్లతో తగువాడటం అంతా వాళ్ల చేతిలోనే. అందులో పాట పెట్టడంలో నూకరత్నం గొంతుకి ఎదురులేదు. కెరటాల హోరు మీంచి ఆమె కేక రోడ్డుమీదున్న వేన్ల దాకా వినిపించేది. సముద్రంలో పులిలా తిరిగే మగవాళ్లు ఒడ్డుకొచ్చాక ఆమె వెనక చేతులు కట్టుకు నిలబడేవాళ్లు.

ఒక సాయంత్రం ఆమె నన్ను ఎత్తి ముక్కు మూసుకుంది. "ఏటి కంపు మావా ఇది! సచ్చిన పీతనాగ కొడతంది. దీన్ని తలకాడ ఎట్టుకుని ఎలా తొంగుంటన్నావు?" అని మొగుడిమీద కేకలేసి, నన్ను బండమీద పడేసి, సబ్బుపొడి వేసి, కొబ్బరిపీచుతో పెరపెర తోమింది. రెండు బిందెల నీళ్లు పోసి పిండి, తాటాకు దడిమీద ఆరేసింది.

పొద్దున్నే ఎల్లాజీ వేటకి వెళ్తూ దడి దగ్గర ఆగాడు. నన్ను తీసుకోబోయి చేత్తో తడిమాడు. ఒకవైపు ఇంకా చెమ్మగానే ఉన్నాను. ఏదో ఒక మాట అన్నాడు. నన్నక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ మాటేమిటో చివర్లో చెబుతాను, ఇప్పుడు నోరు రావడం లేదు. ఆ రోజు నేను ఏం చేశానో మాత్రం వినండి. ఎండ కాచింది, గాలి వేసింది, నామీద ఎవరూ కూర్చోలేదు. నేను సుఖపడ్డాను. ఊరి జనం కేకలు పెడుతూ ఒడ్డుకి పరిగెడుతుంటే కూడా, ఏమిటీ గోల, ఇంత మంచి ఎండలో, అని విసుక్కున్నాను.

ఎల్లాజీ పడవ తిరిగి వస్తూ, ఒడ్డు కనబడుతున్న చోటనే, కెరటాలు విరిగేచోట బోల్తా పడింది. కూడా ఉన్న తమ్ముడు మసేను ఎలాగో ఈదుకొచ్చాడు. ఎల్లాజీ మర్నాడు పక్క ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. నన్నడిగితే అంతకంటే చెప్పలేను.

పదిమందీ వచ్చి ఏడ్చి వెళ్లాక, నూకరత్నం దడిమీంచి నన్ను తీసి మొహానికి ఆనించుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. మొగుడి వాసన చివరికంటా తోమేసింది ఆమే. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడు పాట పెట్టే గొంతుది కాదు. నా ఒంటిమీది ఆ సబ్బు వాసనకి నాకు ఈ రోజుకీ సిగ్గే.

పక్కింటి గురవమ్మ ఓదార్చబోయింది. "ఒలే అమ్మా, అది బోట్లో ఉంటే మాత్రం ఆడు ఏసుకుంతాడేటే? ఏనాడైనా ఏసుకున్నాడా?"

"ఏసుకోడు పిన్నీ. దానిమీద కూకుంతాడు. బోటు తిరగబడితే ముందు సేతికి దొరికేది అదే గదా. పట్టుకునేవోడు గదా."

గురవమ్మ ఆమె చేతుల్లోంచి నన్ను తీయబోయింది, ఆమె వదల్లేదు. 

నూకరత్నం నన్ను గోడకి మేకుమీద తగిలించి, ఒడ్డుకి పోవడం మానేసింది. మసేను తెచ్చిన చేపని వేరేవాళ్లు పాట పెట్టేవాళ్లు. సాయంత్రాలు అతను వచ్చి గుమ్మంలో కూర్చుని, అన్న మునిగిపోతుంటే తను ఎందుకు తేలాడో అర్థం కానట్టు నేల గీస్తుండేవాడు. ఒకరోజు నూకరత్నం అడిగింది. "నీ జాకెట్టేది?"

"ఇంటికాడుంది వదినా. కోళ్లగంప మీద కప్పినాం."

ఆమె మేకుమీదున్న నావంక చూసింది. అతను నేల గీయడం ఆపేశాడు.

మర్నాడు పడవలు వచ్చేవేళకి నన్ను చంకన పెట్టుకుని ఒడ్డుకి నడిచింది. నెలల తరవాత ఆమె రావడం చూసి ఆడవాళ్లు చోటిచ్చారు. ఆమె ఇసకలో కూర్చుని ఒకటే చెప్పింది. జాకెట్టు ఒంటిమీద లేకుండా పడవ దిగినవాడి చేపకి ఈరోజు నుంచి పాట లేదు. కొందరు నవ్వారు. గురవమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కొడుకు ఇంకా నీళ్లమీదే ఉన్నాడు. తన ఖాళీ గంపని బోర్లించి దానిమీద కూర్చుంది. ఆ తరవాత ఒక్కొక్కరే గంపలు బోర్లించారు.

ముందు ఒడ్డెక్కింది మసేను పడవే. నిండుగా కానాగంత చేపలు. ఇసకమీద కుప్ప పోసి, పాట ఎవరు పెడతారా అని చూశాడు. ఎవరూ కదల్లేదు. రోడ్డుమీద సేట్లు హారన్లు కొడుతున్నారు. ఎండ నెత్తిమీదికి వస్తోంది.

"వదినా, సేప సెడిపోద్ది."

"సెడిపోనీ."

"సొంత మరిది కడుపు కొడతావేటి?"

"కడుపు ఉండాలనే," అంది ఆమె. కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

మసేను తిట్టాడు, బతిమాలాడు, ఆకాశంవంక చూశాడు. ఆఖరికి ఇంటికి పరిగెత్తి, కోళ్లరెట్ట అంటిన జాకెట్టు తగిలించుకుని వచ్చాడు. ఆమె చేత్తో సముద్రం వైపు చూపించింది. పాపం ఆ మనిషి నడుంలోతు నీళ్లలోకి వెళ్లి, వెనక్కి తిరిగి, అప్పుడే వేటనించి వస్తున్నట్టు ఒడ్డెక్కాడు. ఊరంతా పగలబడి నవ్వింది. నూకరత్నం కూడా నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు లేచి పాట మొదలుపెట్టింది. మొదటి కేక గొంతులోనే విరిగింది. రెండోది రోడ్డుదాకా వెళ్లింది.

ఇంతటితో ఆపేస్తే నాకు గౌరవంగా ఉండేది. కానీ ఆ వానాకాలంలో మసేను జాకెట్టుని ఎలకలు కొరికేశాయి. "అన్నది ఉన్నాది గదా వదినా, నాకియ్యి" అన్నాడు. ఆమె నన్ను మేకుమీంచి తీసి, ఇవ్వబోయి, ఆగింది. ఏమనిపించిందో, రోటి పొత్రాన్ని చంకనెత్తుకుని ఉప్పుటేరు మడుగు దగ్గరికి నడిచింది. పొత్రాన్ని నా పట్టీలకి కట్టి నీళ్లలో వదిలింది.

నాకు ఇసకమూట గుర్తొచ్చింది. ఇదిగో, ఇన్నాళ్లకి నా పని నాకు దొరికిందనుకున్నాను. కాసేపు తేలాను కూడా. ఆ తరవాత ఒకపక్కకి ఒరిగి, మెల్లగా, ఇద్దరూ చూస్తుండగానే మునిగిపోయాను. ఏళ్లతరబడి వాళ్లు కూర్చుని, పడుకుని, నా పొట్టలోని ఫోమ్‌ని అప్పడంలా నొక్కేశారు. నేనూ ఆ బరువుని ముద్దు అనుకున్నానే తప్ప, లోపల ఏమైపోతున్నానో చూసుకోలేదు.

మసేను దిగి నన్ను పైకి తీశాడు. అతని మొహం వెలిగింది. "సూసినావా వదినా? ఆరోజు ఇది బోట్లో ఉన్నా పనికొచ్చీది కాదు. నీ తప్పు ఏటీ నేదు."

నూకరత్నం నీళ్లు కారుతున్న నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను చెప్పింది నమ్మాలని ఆమె మొహం ఎంత ఆశపడిందో నాకు తెలుసు. నేనూ అంతే ఆశపడ్డాను.

"ఆరోజు మునిగేదో తేలేదో మనకేటి తెలుసు మసేనూ," అంది చివరికి. "తెలీదు. ఇంక తెలీదు. నాను ఉతికినాను, ఆరేసినాను. ఆడు వొట్టి సేతుల్తో ఎలిపోనాడు. ఇదే నాకు తెలిసింది." కళ్లు తుడుచుకుని లేచింది. "దీన్ని నీకిచ్చీసుంటే నిన్ను కూడా సంపుకుందును. ఎల్లు. ఊళ్లో ఉన్న జాకెట్లన్నీ పట్టుకురమ్మని సెప్పు. పొత్రం ఇక్కడే ఉంటది."

ఆ రోజు మడుగులో చాలా జాకెట్లు మునిగాయి. అన్నీ పీటలూ తలగడలూ అయినవే. ఆడవాళ్లు పాటలో వచ్చినదాంట్లోంచి తలా కొంచెం తీసి కొత్తవి తెప్పించారు. వాటిమీద ఎవరూ కూర్చోకుండా ఇంటింటా మేకులు కొట్టించింది నూకరత్నం. తప్పు మోస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని నెత్తిమీద గంపలా మోస్తోంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉన్నాయి.

నన్ను పారేస్తారనుకున్నాను. ఆమె పారేయలేదు. పాట పెట్టేచోట ఒక వెదురుగడ పాతి, దానికి తగిలించింది. ఎల్లాజీ పేరు సముద్రంవైపు తిరిగి ఉంటుంది. ఒడ్డెక్కుతున్న మగవాళ్లు దాన్ని చూసి, చెప్పకుండానే పట్టీలు సరిచూసుకుంటారు.

ఇక ఆ మాట. ఆ పొద్దున దడి దగ్గర ఎల్లాజీ నన్ను తడిమి అన్నది ఇది. "ఆరనీలే. రత్నం సేతులు నొప్పెట్టేలాగ తోమింది. నేటికి నేటే సేపకంపులో ముంచీడం ఎందుకు."

ఇది వింటే ఆమెకి పుండు మానుతుందో, ఇంకా లోతవుతుందో నాకు తేలలేదు. ఎన్ని సాయంత్రాలు తిప్పితిప్పి చూసినా తేలలేదు. పాట మొదలుపెట్టేముందు ఆమె రోజూ నా దగ్గరికి వచ్చి, సరిగ్గా అతను తడిమినచోటే చెయ్యి వేస్తుంది. నాకు నోరు లేదు. ఆ చేతికింద కదలకుండా ఉంటాను. ఆమె ఒక్క క్షణం ఆగి, చెయ్యి తీసి, పడవలవైపు తిరిగి కేక వేస్తుంది.