మాధవరం దాకా

ఆదోనిలో ఒక బట్టల షాపులో పొద్దంతా నిలబడటమే మంజుల ఉద్యోగం. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. విప్పిన చీరలు మడతపెడుతూ ఉండాలి. నలభై దాటాక కాళ్లు మొరాయిస్తున్నాయి. తెల్లవారకముందే లేచి వండి, ఇద్దరు పిల్లలకూ బాక్సులు కట్టి, తమ ఊరు ఎమ్మిగనూరులో బస్సెక్కుతుంది. సాయంత్రం ఇల్లు చేరి మళ్లీ పొయ్యి దగ్గరికే. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే ప్రార్థనో, కునుకో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం ఎమ్మిగనూరు మీదుగా పోయే మాధవరం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తల కమ్మీకి ఆనించింది, అంతే.

"అక్కా, దిగు. మాధవరం వచ్చింది," అని కండక్టర్ లేపాడు.

"మాధవరమా? నేను ఎమ్మిగనూరులో దిగాల్నే!"

"ఆడ గట్టిగానే అరిస్తి గదక్కా. బస్సు నిండా మంది, నువ్వు నిద్రపోతాండేది నేను సూడలేదు."

దిగేసరికి భర్త శామ్యూల్ ఫోన్ చేశాడు. మగ్గం పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చినట్టున్నాడు.

"యాడుండావు? పిల్లోళ్లు ఆకలంటాండారు."

"మాధవరంలో. బస్సులో నిద్రపోయినా."

"అంత దూరం పోయేదాకా మెలకువ రాలేదా?"

"రాలేదు."

"వంటెట్ల మరి?"

ఏదో సర్దిచెప్పబోయింది. ఏడుపొచ్చింది. "నాతో కాదు శామ్యూలూ. నువ్వే ఉడకెయ్," అని పెట్టేసింది.

బస్టాండులో టిఫిన్ బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ, టీ కొనుక్కుని బల్ల మీద కూర్చుని తిన్నది. వేడిగా ఉంది. తను వండింది కాదు. అంతలో ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. లేవాలనుకుంది, లేవలేదు. బస్సు వెళ్లిపోతుంటే చూస్తూ చేతిలో టీ పూర్తిగా తాగింది. తర్వాతి బస్సెక్కింది.

ఇంట్లో అన్నం మెత్తబడిపోయింది. పిల్లలు అందులోనే పచ్చడి కలుపుకుని తింటున్నారు. శామ్యూల్ ముఖం ముడుచుకునే ఉన్నాడు, కానీ పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నీళ్లెన్ని పొయ్యాల్నో తెలీలేదు," అన్నాడు.

"రేపు సెప్తాలే."

మరుసటి సాయంత్రం ఆమె వచ్చేసరికి బియ్యం కడిగి పెట్టి ఉన్నాయి. కాళ్ల నొప్పి తగ్గలేదు, తెల్లారి లేవడమూ తప్పలేదు. ఆ కాసేపు మాత్రం మంజుల గడపలో కాళ్లు చాపుకుని కూర్చుంది. "నీళ్లెన్ని?" అని శామ్యూల్ లోపల్నుంచి అడిగితే కూర్చున్నచోటు నుంచే చెప్పింది.