ఇద్దరు చిట్టిలు, ఒక టీకా కార్డు

మా అమ్మకి బుద్ధుంటే ఇద్దరు కూతుళ్లనీ చిట్టి అని పిలిచేది కాదు. నాకూ చెల్లికీ ఏడాదిన్నర తేడా. "చిట్టీ" అంటే ఇద్దరం పలుకుతాం. ఇన్నాళ్లూ అది నవ్వులాటే. ఈ వారం నా ప్రాణం మీదికొచ్చింది.

నేను పసిపిల్లల బడిలో ఆయాని. నాకిప్పుడు మూడో నెల. మొన్న ఒక బుడ్డోడికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి, రుబెల్లా అన్నారు. ముందురోజంతా వాడు నా ఒళ్లోనే ఉన్నాడు. పక్క వీధిలో కాపురముండే చెల్లి ఆ రోజే నాకోసం బడికొచ్చి, వాణ్ణి ఎత్తుకుని ముక్కు కూడా తుడిచింది. పెద్దవాళ్లకి అది మామూలు జ్వరంలా వచ్చి పోతుందట గానీ, మొదటి నెలల్లో తల్లికి సోకితే కడుపులో బిడ్డ కళ్లూ చెవులూ గుండే దెబ్బతినొచ్చని డాక్టరమ్మ చెప్పింది. చిన్నప్పుడు టీకా వేయించారా అని అడిగింది. నాకేం తెలుసు?

అమ్మ పెట్టెంతా తిరగేసి ఒకే ఒక్క కార్డు తీసింది. పేరు దగ్గర "చిట్టి". పుట్టిన తేదీ మీద నూనె మరక. రుబెల్లా గడిలో టిక్కు. ఎవరిదే ఇది అంటే నీదే అంది. అన్నం తిన్నాక, కాదేమో, దానిదేమో అంది. సాయంత్రానికి, ఒకదానికి వేయించిన రోజు రెండోదానికి జ్వరముంటే వెనక్కి తీసుకొచ్చేశాను, మళ్లీ వెళ్లడం కుదరలేదు అంది. ఏ చిట్టికే జ్వరం అంటే బిక్కమొహం వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లి మాత్రం ఆ కార్డు మీది నూనె మరకని గోటితో గీకుతూ కూర్చుంది.

రక్తం ఇచ్చాను. రెండు రోజులకి ల్యాబ్ అతను కాగితం చేతిలో పెట్టాడు. ఒక వరసలో పాజిటివ్, ఇంకో వరసలో నెగటివ్. పాజిటివ్ అంటే వచ్చినట్టా, రానట్టా? డాక్టరమ్మనే అడగమన్నాడు. బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను. చెల్లి నా చేయి వదల్లేదు.

డాక్టరమ్మ చూసి, పాజిటివ్ అన్నది పాత టీకా ఇచ్చిన రక్షణ, కొత్తగా సోకితే కనబడే వరస నెగటివ్ అంది. "నీ బిడ్డకి దీనివల్ల భయం లేదమ్మా." నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ చెల్లివైపు తిరిగాను. అది నవ్వలేదు.

"అయితే కార్డు నీదేనన్నమాట," అంది.

అవునే మొద్దూ అన్నాను.

అది కుర్చీ ముందుకి లాక్కుని, డాక్టరమ్మ ముందు చేయి చాపింది. "నాకూ పరీక్ష చెయ్యండి. రెండో నెల. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు."

ఆ కార్డు నాది కాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే భయమేసి నా కడుపు పట్టుకున్నాను.