సబ్బుపెట్టెలో నా కాపురం

నేను ఒక రిలేను. నా పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని నా చప్పుడు వినే ఉంటారు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునేటప్పుడు లోపల ఎవరో టక్కుమంటారే, వాళ్ళు మా వాళ్ళే. చూడటానికి నీలంరంగు డబ్బాని, అగ్గిపెట్టెలో సగం ఉంటాను. నా లోపల ఒక రాగితీగ చుట్ట, దాని మీద ఒక ఇనప రేకు, ఆ రేకుని వెనక్కి లాగే స్ప్రింగు ఉంటాయి. తీగచుట్టలోకి కాస్త కరెంటు పంపితే అది అయస్కాంతమై రేకుని లాక్కుంటుంది, అవతల పెద్ద కరెంటు పారుతుంది. పంపడం మానేస్తే స్ప్రింగు రేకుని లాగేస్తుంది, అవతల కరెంటు ఆగుతుంది. రెండుసార్లూ టక్కుమంటాను. నా బతుకంతా ఇంతే. ఇందులో గొప్పలు పోవడానికేమీ లేదు గాని, చెయ్యని పని చేశానని చెప్పడం మాత్రం నాకు చేతకాదు.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి కాకినాడలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో తేలాను. అక్కడ నన్ను కొన్నది పిఠాపురం ఇన్సూరెన్సు ఏజెంటు సూర్యభగవాన్ గారు. కొట్టాయన "దేనికండీ?" అని అడిగితే, "ఇంట్లో శాంతికండి" అన్నారాయన. శాంతికి నేను పనికొస్తానని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఇంటి అశాంతి కథ నేను రాకముందుది. ఆయన భార్య సత్యవేణి గారు పక్క మండలం తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. గంజి పెట్టిన నూలు చీరలు కడుతుంది, రోజూ పొద్దున్నే తనే ఇస్త్రీ చేసుకుంటుంది. ఒకరోజు బస్టాండు నుంచి ఫోన్ చేసి, "ఏవండీ, ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో కాస్త చూడండి" అంది. ఆయన పడక కుర్చీలో ఉన్నారు. ఆ కుర్చీ పాతది, కూర్చున్నా లేచినా కిర్రుమంటుంది. ఆ రోజు అది కిర్రుమనలేదు. పేపరు మడవకుండానే, "ఆపేశాన్లే" అన్నారాయన. కాసేపటికి పొగ వాసన ముక్కుకి తగిలితే గాని లేవలేదు. అప్పటికి, మొదటి జీతంతో ఆవిడ కొనుక్కున్న ఉప్పాడ పట్టుచీరకి ఇస్త్రీ పెట్టె ఆకారంలో నల్లటి కన్నం పడింది.

అంతే, ఆ ఇంట్లో సూర్యభగవాన్ గారి మాటకి విలువ పోయింది. ఊళ్ళో ఆయన మాట మీద ఎన్ని కుటుంబాలు ప్రీమియాలు కడుతున్నాయో లెక్కలేదు. అగ్నిప్రమాదాల గురించి ఆయన చెబుతుంటే విన్నవాళ్ళ గుండె జారిపోతుందట. సొంత ఇంట్లో మాత్రం ఆయన "ఆపేశాను" అంటే ఆవిడ బస్సు దిగి వెనక్కి వచ్చేది. వచ్చి చూస్తే పెట్టె చల్లగా ఉండేది, ఎందుకంటే చాలాసార్లు తనే ఆపి వెళ్ళి ఆ సంగతి మరచిపోయేది. ఈ అనుమానంతోనే ప్రమోషన్‌కి రాయాల్సిన డిపార్ట్‌మెంటు పరీక్ష రెండుసార్లు పోగొట్టుకుంది. ఒకసారి బస్టాండు నుంచి వచ్చేసింది, ఇంకోసారి కాకినాడ బస్సెక్కి కూడా పక్క ఊరు చిత్రాడ దాటకుండానే దిగిపోయింది. ఆవిడ కన్నా వెనక చేరినవాళ్ళు ఆవిడ పైసీట్లలో కూర్చున్నారు. ఆ బాధ పైకి అనేది కాదు. ఆయనకి మాత్రం తెలుసు, అందుకే నన్ను కొన్నారు.

చిన్నప్పుడు రేడియోలు విప్పి మళ్ళీ బిగించలేకపోయిన అనుభవం ఆయనకి దండిగా ఉంది. ఫోన్లో వీడియోలు చూస్తూ, వేళ్ళు కాల్చుకుంటూ, నన్నూ ఒక చిప్పునీ కలిపి సబ్బుపెట్టెలో బిగించారు. దాని ప్లగ్గు గోడకి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు దానికి. ఈ చిప్పు మా ఇద్దరిలో పెద్దమనిషి. ఎంత దూరం నుంచైనా ఫోన్లో నొక్కితే దానికి కబురొస్తుంది, అది నాకు చెబుతుంది, నేను చేస్తాను. నాకు చెప్పిన మరుక్షణమే అది ఫోన్‌కి "ఆగింది" అని జవాబు పంపేస్తుంది. నేను చేశానో లేదో ఒక్కసారైనా తిరిగి చూడదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు పడక కుర్చీ గుర్తొచ్చేది.

మొదటి ప్రదర్శన రోజు ఆయన వైర్లు తిరగేసి కలపడంతో, ఆపితే ఇస్త్రీ పెట్టె వేడెక్కింది, వేస్తే చల్లారింది. సత్యవేణి గారు కాఫీ తాగుతూ చూసింది.

"ఆగిందని ఎవరు చెప్తారండీ?"

"ఫోనే చెప్తుంది."

"ఆ రోజు మీరూ చెప్పారు కదండీ."

ఆయన వైర్లు సరిచేశారు. తరవాత ఆవిడ పరీక్షలు మొదలుపెట్టింది. వీధి చివరికెళ్ళి నొక్కేది, వెనక్కొచ్చి పెట్టె మీద నీళ్ళు చిలకరించి చూసేది. పక్కింటికెళ్ళి నొక్కేది, మళ్ళీ వచ్చేది. నేను ఒక్కసారీ తప్పలేదు. చివరికి నమ్మింది. ఎంతగా నమ్మిందంటే, గోడ స్విచ్చు జోలికి వెళ్ళడమే మానేసింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి కాదని సబ్బుపెట్టెని నమ్మినందుకు నాకు కాస్త గర్వంగానే ఉండేది. మనుషులతో తిరిగితే ఈ జబ్బు అంటుకుంటుంది.

విచిత్రమేమిటంటే, ఇంట్లో శాంతి వచ్చాక సూర్యభగవాన్ గారికి తోచకుండా పోయింది. రోజూ ఆవిడ బస్టాండు నుంచి ఫోన్ చేస్తే విసుక్కునేవారు. ఇప్పుడు ఆ ఫోన్ రాదు. ఆ వేళకి ఫోన్ వంక చూసి, పేపరు వంక చూసి, మళ్ళీ ఫోన్ వంక చూసేవారు. పాపం, ఆయనకి ఆ ఫోన్ మీద బెంగపట్టుకుంది. చివరికి నా చప్పుడుతో సరిపెట్టుకున్నారు. ఆవిడ బస్సెక్కి నొక్కగానే నేను టక్కుమంటే, "ఆ, బస్సెక్కింది" అనుకుని పేపరు తిప్పేవారు.

మూడోసారి పరీక్ష వచ్చింది. ఆ పొద్దున ఆవిడ చీర కంగారుగా ఇస్త్రీ చేసి, పెట్టెని బల్లగుడ్డ మీద బోర్లా వదిలేసి, నా మీద భారం వేసి వెళ్ళిపోయింది. బస్సులోంచి నొక్కింది. చిప్పు నాకు చెప్పింది. నేను రేకుని వదలబోయాను, అది రాలేదు. రోజూ విడిపోయేటప్పుడు నాలో చిన్న నిప్పురవ్వ పుట్టేది. అలా కాలి కాలి ఆ రోజు నా రెండు కొసలూ అతుక్కుపోయాయి. స్ప్రింగు లాగుతూనే ఉంది. నా వల్ల కాలేదు. చిప్పు మాత్రం తడుముకోకుండా "ఆగింది" అని కబురు పంపింది. అక్కడ ఆవిడ నిశ్చింతగా పుస్తకం తెరిచి ఉంటుంది. ఇక్కడ బల్లగుడ్డ పసుపెక్కుతోంది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పడక కుర్చీలో ఆయన చెవి ఇటు వేసి ఉన్నారు. టక్కు వినపడలేదు. ఇస్త్రీ పెట్టె సంగతి ఆయనకి తట్టనే లేదు. "ఇంకా బస్సెక్కలేదా, ఏమైంది?" అని గొణుక్కున్నారు. కుర్చీ కిర్రుమంది. గదిలోకి వచ్చి చూశారు, గోడ ప్లగ్గు పీకేశారు, పెట్టెని ఎత్తి నిలబెట్టారు.

కరెంటు పోవడంతో చిప్పు మూగబోయింది. ఆవిడ ఫోన్లో మేము మాయమయ్యాం. వెంటనే ఆయన ఫోన్ మోగింది. కాలిన గుడ్డ ఒక చేత్తో దులుపుతూ, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కారు.

"ఏవండీ, మీ సబ్బుపెట్టె ఫోన్లో కనపడ్డం లేదేంటండీ?" అంది ఆవిడ. వెనక బస్సు చప్పుడు.

ఆయన గుడ్డ దులపడం ఆపారు. వైఫై పోయిందని అనొచ్చు. ఏమీ కాలేదని అనొచ్చు. ఆవిడ పరీక్ష కోసం ఆ మాత్రం అబద్ధం ఎవరైనా ఆడతారు.

"ప్లగ్గు నేనే పీకేశాను సత్యా. నువ్వు నొక్కినా అది ఆగలేదు. లేచొచ్చి చూస్తే బల్లగుడ్డ కాలుతోంది."

అటు బస్సు ఆగింది. కండక్టరు గొంతు వినిపించింది. "చిత్రాడ, చిత్రాడ దిగేవాళ్ళున్నారాండీ?"

"ఎంత కాలిందండీ?" అంది ఆవిడ.

"అరచేతంత. మనం అన్నవరంలో కొన్న గుడ్డ. నీకిష్టమైనదే."

 ఆయన చెయ్యి ప్లగ్గు మీద బిగిసింది, పీకేసిన ప్లగ్గు మళ్ళీ ఎక్కడికో పోతుందన్నట్టు.

"చిత్రాడ ఎవరండీ?" అని కండక్టరు రెట్టించాడు.

"ఎవరూ లేరండి, పోనివ్వండి" అంది సత్యవేణి గారు.

ఆ మాట విని ఆయన బల్ల పక్కన నేల మీదే కూలబడిపోయారు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. పొగ వల్ల అనుకుందామని చూశాను గాని, అంత పొగ లేదు.

ఆవిడ పరీక్ష పాసయింది, సీనియర్ అసిస్టెంటు కూడా అయింది. నన్ను ఆయన బ్లేడుతో విప్పి, అతుక్కున్న కొసలు చూసి, "పాపం, నీదేం తప్పు లేదు" అన్నారు. పారేస్తారనుకున్నాను. ఆవిడే బల్ల సొరుగులో, మడతపెట్టిన ఆ కాలిన గుడ్డ మీద నన్ను పడుకోబెట్టింది. నా బదులు ఇంకో రిలే రాలేదు. ఇప్పుడు మళ్ళీ రోజూ బస్టాండు నుంచి ఫోన్ వస్తోంది. "చూడండి" అంటుంది ఆవిడ. ముందు కుర్చీ కిర్రుమంటుంది, తరవాత ప్లగ్గు ఊడిన చప్పుడు, ఆ తరవాత "ఆపేశాను."

మొన్న ఆదివారం ఆయన నూనె సీసా పట్టుకుని కుర్చీ దగ్గర కూర్చున్నారు. "ఈ చప్పుడు చెవులు తినేస్తోంది, రెండు చుక్కలు వేస్తాను" అన్నారు.

ఆవిడ వచ్చి సీసా లాక్కుంది. "వద్దులెండి. అలాగే ఉండనీండి" అంది. "నాకు బస్టాండుదాకా వినపడాలి."