ఒంటి ముల్లు

నేను ఒక బరువు చూసే మిషన్ని. పాదాలు ఆనడానికి నల్ల రబ్బరు పలక, ముందు అద్దం కింద గుండ్రంగా నూట ముప్పై దాకా అంకెలు, ఒకే ఒక్క ఎర్ర ముల్లు. నాకున్న నోరు ఆ ముల్లే. అంకె తప్ప మరో మాట రాదు.

ఎక్కడ తయారయ్యానో గుర్తు లేదు. నాకు తెలివి వచ్చేసరికి కాకినాడలో, సన్నబడడం నేర్పే ఒక కేంద్రంలో ఉన్నాను. అక్కడికి వచ్చేవాళ్ళు చెప్పులతో పాటు గాజులు, చున్నీ, ఆఖరికి జడ క్లిప్పు కూడా తీసి నా మీదకి ఎక్కేవాళ్ళు. ఊపిరి బిగపట్టి నిలబడితే అరకిలో తగ్గుతుందని కొందరి నమ్మకం. ఆ కేంద్రం మూతపడ్డాక, అందులో పనిచేసిన హిమజ నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఇంట్లో హిమజ, వాళ్ళ నాన్న నరహరి, అమ్మ వకుళ. వకుళ ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి మానేసింది. నన్ను హాల్లో, రోజుకో కాగితం చింపే క్యాలెండరు కింద పెట్టారు. పొద్దున్నే ఆ కాగితం చింపడం వకుళ పని. మిగతా ఇద్దరూ తేదీ ఫోన్లోనే చూసుకుంటారు.

"ఎక్కవే మొద్దూ, మిషను తట్టుకుంటుందో లేదో చూద్దాం," అన్నాడు నరహరి మొదటి రోజు వకుళతో.

డెబ్బై నాలుగు చూపించాను.

"నేనా మొద్దుని? పందొమ్మిది పదిహేడ్లెంతో చెప్పండి ముందు."

అతను తల గోక్కున్నాడు.

"మూడు వందల ఇరవై మూడు. ఇప్పుడు చెప్పండి, మొద్దెవరో!"

మనుషుల భాష నాకు అప్పుడే వింతగా తోచింది. లావుగా ఉన్నా మొద్దే, లెక్క రాకపోయినా మొద్దే. ఒంటికీ బుర్రకీ కలిపి ఒకే మాట పెట్టుకుని, ఒకటి తగ్గితే రెండోది దానంతటదే చురుకెక్కుతుందని అనుకుంటారు.

వకుళకి శనివారాలు ఒంటిపూట. ఆ రోజు మధ్యాహ్నం ఒక్కసారే భోజనం. రాత్రికి మంచినీళ్ళే. మిగతా రోజుల్లో కూడా కాస్త నోరు కట్టుకోమని హిమజ పోరింది. ఆదివారం ఆదివారం నరహరి నా ముందు వంగి, అంకె చూసి, నోటు పుస్తకంలో రాసేవాడు. డెబ్బై మూడు. డెబ్బై ఒకటి. అరవై ఎనిమిది.

ఒక రోజు క్యాలెండరు మీది శనివారం కాగితం చిరగలేదు. మర్నాడూ చిరగలేదు. వకుళ వచ్చి తలెత్తి చూసేది. "అయ్యో, ఇవాళ శనివారం కదూ," అనుకుని వెళ్ళిపోయేది. ఆ పై రోజూ అదే మాట.

పొద్దున్నే నరహరి నడకకి వెళ్ళినప్పుడు వచ్చి ఎక్కేది. దిగేది. కాసేపటికి మళ్ళీ వచ్చి, ఆ వారంలో అదే మొదటిసారన్నట్టు ఎక్కేది. ఒక్కో పొద్దున నాలుగుసార్లు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎలాగైనా చెప్పాలనుకున్నాను. ముల్లు అరవై ఒకటి దాకా వెళ్ళి ఆగింది. అంతే.

"తిన్నావా అమ్మా?" అని హిమజ అడిగేది. "తిన్నానే," అనేది వకుళ. అబద్ధం కాదు, తిన్నాననే అనుకునేది. గిన్నెలో అన్నం మిగిలితే అమ్మ మాట మీద నిలబడిందని హిమజ మురిసిపోయేది. ఆదివారాలు తండ్రీకూతుళ్ళిద్దరూ నా ముల్లు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చూపు ఒక్క బారెడు పైకెత్తితే క్యాలెండరు కనబడేది. వాళ్ళ చూపు ఎత్తనివ్వనిది నేనే.

ముల్లు యాభై రెండుకి వచ్చిన ఆదివారం పక్క ఫ్లాటు శేషుకుమారి కూడా వచ్చింది.

"ఏం చేస్తున్నారో చెప్పండి వదినగారూ, నేనూ తగ్గుతాను."

"ఏముందండీ, శనివారం ఒంటిపూట."

"వారానికి ఒక్క పూట మానేస్తేనే ఇంత తగ్గిపోతారా?"

"రోజూ శనివారమే కదండీ," అంది వకుళ.

అందరూ పకపకా నవ్వారు. "చూశారా, ఒళ్ళు తగ్గేసరికి మాట ఎంత పదునెక్కిందో! ఇంక మొద్దు అనడానికి వీల్లేదు," అన్నాడు నరహరి.

వకుళ కూడా నవ్వింది. తర్వాత వంగి నా అద్దంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"హిమజా, ఈ గడియారానికేమైందే? ఒక్క ముల్లే ఉంది. అవతల నాకు స్కూలుకి టైమైపోతోంది."

శేషుకుమారి ఇంకా నవ్వుతూనే ఉంది. హిమజ నవ్వలేదు. తల్లి ముఖం చూసి, ఆ తర్వాత తలెత్తి గోడ చూసింది. కాగితం మీద శనివారం. తేదీ నాలుగు నెలల కిందటిది.

"నాన్నా, పందొమ్మిది పదిహేడ్లు అడుగు."

నరహరి అడిగాడు. వకుళ కొంగుతో నా అద్దం తుడిచింది. "పిల్లల్ని అడిగే లెక్కలు నన్నడుగుతారేంటండీ," అంది. మళ్ళీ తుడిచింది. అద్దం మీద దుమ్మేమీ లేదు.

డాక్టరు ఎప్పట్నుంచి తగ్గుతోందని అడిగితే, నరహరి ఆ నోటు పుస్తకమే చేతికిచ్చాడట. వారం తప్పకుండా అన్నీ ఉన్నాయి. బాగా తగ్గిన వారాలకి పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉంది. "ఒక్కోసారి మతిమరుపు కంటే ముందు ఒళ్ళే చెబుతుందటండీ. మేం పండగ చేసుకున్నాం," అని హిమజ శేషుకుమారి దగ్గర ఏడుస్తుంటే విన్నాను. చెప్పింది నేనే. పండగ చేసుకుంటుంటే చూసిందీ నేనే.

ఇప్పుడు క్యాలెండరు నరహరి చింపుతున్నాడు. ముద్ద ముద్దకీ బతిమాలి తినిపిస్తున్నాడు. ముల్లు ఒక్క గీత పైకి జరిగితే చాలనుకుంటాడు. అది కిందికే జరుగుతోంది. వకుళకి ఇప్పుడు నేనంటే భయం. ఒక్కతే ఎక్కదు. అందుకని అతను ఆమెని పొదివి పట్టుకుని ఇద్దరూ కలిసి ఎక్కుతారు. తన డెబ్బై తీసేసి మిగిలింది రాసుకుంటాడు.

ఇవాళ నూట పదహారు చూపించాను. నరహరి నోటు పుస్తకం తెరవలేదు.

"వకుళా, నూట పదహారులో డెబ్బై పోతే ఎంతోయ్?" అన్నాడు మెల్లగా, ఆమె చెవి దగ్గర.

ఇద్దరూ దిగలేదు. ముల్లు సన్నగా వణుకుతోంది. నా మీదున్న నాలుగు పాదాల్లో ఎవరివి వణుకుతున్నాయో నాకు తెలియదు. నేను కలిపే చూపిస్తాను.