సొంత రిగ్గు

బ్రేకు పట్టీల్లోంచి మళ్ళీ కాలిన వాసన వచ్చింది. మేస్త్రీ ఒంటి బరువంతా లివరు మీద వేసి నొక్కితేగాని, బావిలోంచి లేస్తున్న ఇనప గొట్టం ఆగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. చమురు బావి అడుగున పంపు పాడైంది. దాన్ని తీయాలంటే గొట్టాలన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి లాగి, విప్పి, రిగ్గు టవరుకు ఆనించి నిలబెట్టాలి. టవరు పైభాగాన పలక మీద నిలబడి గొట్టాల తలలు పట్టుకు పక్కకు లాగేవాడు మేస్త్రీకి తోడల్లుడు. కాళ్ళు పొడుగని అందరూ కొంగ అంటారు.

"అన్నా, కింద వంట మొదలెట్టావా ఏంటి? మాడు వాసనొస్తోంది!" పైనుంచి అరిచాడు కొంగ.

"నోర్మూసుకుని నీ పని చూడరా!" అన్నాడు మేస్త్రీ. అతనికి నవ్వు రాలేదు.

మొన్నమొన్నటి దాకా ఈ కంపెనీకి సొంత రిగ్గు లేదు. ఉన్నవే నాలుగు బావులు. ఏది మొరాయించినా కాంట్రాక్టరు రిగ్గు మనుషులతో సహా రోజు అద్దెకు వచ్చేది. మేస్త్రీ, కొంగ ఆ కాంట్రాక్టరు మనుషులే. బ్రేకు వేడెక్కితే కాంట్రాక్టరు పని ఆపించేవాడు. మనుషుల మీద ప్రేమతో కాదు, తన యంత్రం పాడవుతుందని. అద్దె దండగవుతోందని కంపెనీ ఓనరు చిందులు తొక్కేవాడు. వాళ్ళిద్దరూ తిట్టుకుంటుంటే పనివాళ్ళు నీడన కూర్చుని టీ తాగేవాళ్ళు. ఆ తగాదా సందులోనే తమ ప్రాణాలు భద్రంగా ఉన్నాయని అప్పుడెవరికీ తట్టలేదు.

ఓనరు ఎక్కడో మూలపడ్డ పాత రిగ్గును చవగ్గా కొన్నాడు. రంగు వేయించాడు. కూలి కాస్త పెంచి వీళ్ళను తన వైపు తిప్పుకున్నాడు. ఆరుగురు చేసే పనికి నలుగురు చాలన్నాడు. "రిగ్గు మనది, బావి మనది. ఇక మనల్ని ఆపేదెవడు?" అన్నాడు మొదటిరోజు. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ కూడా కొట్టాడు.

బ్రేకు పట్టీలు అరిగాయని మేస్త్రీ చెబితే ఓనరు, "ఈ బావి కానివ్వు, చూద్దాం" అన్నాడు. దీనికి ముందు బావికీ అదే మాట.

భోజనాల వేళ దాటుతుండగా లివరు ఉన్నట్టుండి అడుగుదాకా దిగిపోయింది. ఇనప తాడు చుట్టుకునే డ్రమ్ము గిర్రున తిరిగింది. గొట్టాన్ని మోస్తున్న కొక్కెం కిందికి దూసుకెళ్ళింది. నేలకు తగిలి అడ్డంగా ఊగిన గొట్టం, నిలబెట్టిన గొట్టాలకేసి కొంగ కుడిచేతిని అదిమేసింది. నడుముకు కట్టుకున్న బెల్టు అతన్ని పడనివ్వలేదు.

ఆస్పత్రిలో చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

ఓనరు వరండాలో మేస్త్రీ భుజం మీద చెయ్యివేశాడు. "లేబరు ఆఫీసరు వస్తాడు. వద్దన్నా వినకుండా గొట్టాల మధ్య చెయ్యిపెట్టాడని చెప్పు. ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంటా. బ్రేకు అన్నావో, రిగ్గుకు తాళం పడుతుంది. మీ అందరి పొయ్యిలూ ఆరిపోతాయి."

మంచం మీద కొంగ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఆయనన్నట్టే చెప్పన్నా. పోయింది ఎలాగూ మొలవదు. కొంగకు కాళ్ళుంటే చాల్లే" అన్నాడు.

కొంగ భార్య, మేస్త్రీకి మరదలు, మొగుడి మాటకు నవ్వలేదు. "తప్పు ఈయనదేనంటే ఈ చేతికి పరిహారంగా దమ్మిడీ రాదు. ఇంటికొచ్చాక ఈయన్నెవరు చూస్తారు బావా? నువ్వా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. ఆఫీసరు వచ్చినప్పుడు కూడా ఆ తల లేవలేదు. చెయ్యి గొట్టాల మధ్య పెట్టాడనే చెప్పాడు. ఆ సాయంత్రం ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి, పలకరించకుండా అవతలికి వెళ్ళిపోయింది. ఆమెకు చెల్లెలు అప్పటికే అంతా చెప్పింది.

వారం తిరక్కుండా బావి దగ్గర మళ్ళీ పని మొదలైంది. పట్టీలు మార్చలేదు, బోల్టులు బిగించారు. కొంగ స్థానంలో గోడలకు సున్నాలు వేసుకునే మనిషిని సగం కూలికి తెచ్చారు. అతను కిందికి చూడకుండా నిచ్చెన ఎక్కుతున్నాడు.

మేస్త్రీ ఇంజను ఆన్ చేసి లివరు నొక్కి చూశాడు. బ్రేకు పట్టు చాలక లివరు మెత్తగా దిగడం అరచేతికి తెలిసింది. వెంటనే ఇంజను ఆపేశాడు.

"దిగవయ్యా" అని పైకి కేకేశాడు.

ఓనరు కారు దిగి వచ్చాడు. "ఎవరాపమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. నేనే ఆపాను."

"ఆఫీసరుకేం చెప్పావో గుర్తుందా?"

"గుర్తుంది. అబద్ధం చెప్పాను. మళ్ళీ పిలిపించండి, ఈసారి నిజం చెప్తాను." మేస్త్రీ లివరు దగ్గర్నుంచి పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నువ్వు కాకపోతే ఇంకోడు" అన్నాడు ఓనరు, మిగిలిన ఇద్దరి వైపు తిరిగి. "ఒరే, ఎవరో ఒకరు వచ్చి లివరు పట్టుకోండి. మేస్త్రీ కూలి ఇస్తా."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు. ఎటు నడుస్తాడో వాడికే తెలిసినట్టు లేదు. నిచ్చెన నడుమ ఆగిన కొత్త మనిషి, ఎక్కాలో దిగాలో తోచక, రెండు చేతులతోనూ మెట్టును గట్టిగా పట్టుకుని కిందికి చూస్తున్నాడు.