మాదిరి కాగితం

"చెయ్యి ఖాళీ అయ్యాక ఆ కాగితం కూడా రాసి పెట్టు" అన్నాడు మా ఆయన. చెయ్యి ఖాళీగా లేదు. పళ్ళెం నిండా ఎండుద్రాక్ష, తొడిమలు తీస్తున్నాను. ఈ అండమాన్ దీవుల్లో ద్రాక్ష పండదు. క్రిస్మస్ ఆరాధనలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకి ఆ రసం కావాలంటే ఓడలో వచ్చిన ఎండుద్రాక్ష అబర్డీన్ బజారులో కొనాలి, తొడిమలు తీయాలి, నానబెట్టి ఉడకబెట్టాలి, గుడ్డలో వేసి పిండాలి. పదకొండేళ్ళుగా ఆ పిండే చెయ్యి నాది. బల్ల మీద విరిచే రొట్టె కాల్చేదీ నేనే, బొటనవేలంత గ్లాసులన్నీ కడిగి తుడిచేదీ నేనే. వాటిని ఎత్తి ఆశీర్వదించే చెయ్యి మాత్రం ఆడదాని చెయ్యి కాకూడదట. ఇంట్లో చేస్తే కాపురమంటారు, గుడిలో చేస్తే సేవంటారు. ఎక్కడ చేసినా నడుం ఒక్కలాగే పట్టేస్తుంది.

మా ఆయన పేరు భాస్కరరావు. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తా, మా తెలుగు క్రైస్తవ సంఘానికి కార్యదర్శి. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది. అందుకని సంఘం పుస్తకాలన్నీ నేనే రాస్తాను. ఏటా మా పాస్టరు అయ్యగారు అందరి ముందూ ఆ పుస్తకం తెరిచి "మన కార్యదర్శిగారి దస్తూరి చూడండి, ముత్యాలు" అంటారు. ఈయన తల వంచుకుని నవ్వుతాడు. మొదట్లో నాకూ సంతోషంగానే ఉండేది, నా మొగుణ్ణి మెచ్చుకుంటున్నారని. సిగ్గులేని సంతోషం.

ఆయన రాయమన్న కాగితం ఒప్పుకోలు. మా సంఘంలో తప్పు చేశారని బల్లకి దూరం పెట్టినవాళ్ళు, క్రిస్మస్‌కి ముందు ఆదివారం అందరి ఎదుటా నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ బల్లకి రానిస్తారు. తప్పు చేసినవాళ్ళు అన్నాను గాని, నిలబడ్డవాళ్ళలో మగవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. మగవాళ్ళ తప్పులు అయ్యగారి గదిలో తలుపేసుకుని, ప్రార్థన చేసుకుని, టీ తాగేసరికి తీరిపోతాయి. ఆడదానికి గది చాలదు, గుడంతా కావాలి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి హిందీ బడి చదువే గాని తెలుగు రాయడం రాదు. కాబట్టి వాళ్ళ పాపాలు కూడా నేనే రాయాలి. ఈయన పెద్ద బైబిల్లో ఒక మాదిరి కాగితం ఉంటుంది. పైభాగం మడిచి, పసుపు రంగుకి తిరిగిపోయిన కాగితం. దాన్ని ముందు పెట్టుకుని పేరు మార్చి దించేయడమే. అలా ఆరు దించాను.

ఈసారి అమ్మడు. బాప్తిస్మంలో మార్త అని పెట్టారు, ఎవరూ అలా పిలవరు. తల్లి యర్రమ్మ శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చిన మనిషి, మొగుడు సముద్రంలో పోయాక మా సంఘంలో చేరింది. అమ్మడిని చేసుకోడానికే పోలిరాజు బాప్తిస్మం తీసుకున్నాడు. వేటకెళ్ళే సొంత డోంగీ పడవ ఉంది, తాగనప్పుడు మంచివాడని పేరు. అక్టోబరులో ఒకరోజు అన్నం చల్లారిందని చెంప మీద కొట్టాడు. అమ్మడి ఎడమ చెవి పోయింది. తల్లి దగ్గరికి వచ్చేసింది. పోలిరాజు అయ్యగారి గదిలో టీ తాగొచ్చాడు. మొగుణ్ణి విడిచి వచ్చినందుకు సంఘం అమ్మడిని బల్లకి దూరం పెట్టింది.

అమ్మడికి బల్ల కోసం బెంగ లేదు. మాయాబందర్‌లో ఒక పిల్లల హాస్టల్లో ఆయా పని చూసుకుంది. అక్కడే గది, అక్కడే తిండి. పోలిరాజు చెయ్యి అందనంత దూరం. కానీ ఆ హాస్టల్ వాళ్ళు సంఘం నుంచి మంచి నడవడి ఉందని ఉత్తరం తెమ్మన్నారు. బల్లకి దూరమైన మనిషికి ఉత్తరం ఇవ్వరు. ఒప్పుకోలు చదివితే ఉత్తరం, ఉత్తరముంటే ఆ గది. లేకపోతే మళ్ళీ పోలిరాజు ఇల్లు. తల్లికే పూట గడవడం లేదు, కూతుర్ని ఎన్నాళ్ళు దాచగలదు?

ఆ సాయంత్రం అమ్మడు వచ్చింది. గడప దగ్గర కాళ్ళు కడుక్కుని నా ఎడమ పక్కన కూర్చుంది, తన కుడి చెవి నా వైపు ఉండేలాగ. రాసింది చదివి వినిపించాను. మొగుడి మాట మీరినందుకు, ఇల్లు విడిచినందుకు, సంఘానికి అపకీర్తి తెచ్చినందుకు. చివరి వాక్యం దగ్గర నా గొంతు తగ్గింది. ఇకమీదట నా భర్తకు లోబడి ఆయన ఇంటనే నడుచుకొందునని దేవుని యెదుటను సంఘము ఎదుటను ప్రమాణము చేయుచున్నాను.

"ఇందులో నా సెవి గురించి లేదా దీదీ?" అని అడిగింది.

లేదన్నాను. నేను ఆ మాట ముందే మా ఆయన్ని అడిగాను, ఎందుకు వచ్చేసిందో ఒక్క ముక్క రాస్తానని. "ఒప్పుకోలులో ఫిర్యాదు రాస్తారా ఎవరైనా? ఎవరి పాపం వాళ్ళు చెప్పుకోవాలి. వాడిది వాడు చెప్పుకున్నాడు, అయిపోయింది" అన్నాడు. చివరి వాక్యం తీసేస్తానంటే, అది లేకపోతే పెద్దలు ఒప్పుకోరన్నాడు.

అమ్మడు నవ్వింది. "పోనీ దీదీ. ఎడం పక్క నిలబడి ఎవరేటి తిట్టినా ఇప్పుడు నాకు ఫికర్ లేదు. రాసేసినావు కదా, నువ్వే సదివీ. నాను పక్కన తలొంచుకు నిలబడతాను. బుధవారం జహాజ్ ఉంది, ఉత్తరం సేతిలో పడగానే ఎక్కేస్తాను." లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. "ఎల్తానని సెప్పి ఎల్లకపోతే పాపమా దీదీ?"

కాదన్నాను. ఆ మడతపెట్టిన కాగితం చూపించి, ఇది ముందు ఎవరిదని అడిగింది. ఎవరిదో పాతదన్నాను.

ఆ పూట మా స్త్రీల సమాజం మరియమ్మ పాట సాధన చేసింది. బలవంతుల్ని గద్దెల మీంచి కిందకి లాగి, ఆకలిగొన్నవాళ్ళకి కడుపు నింపే దేవుడని ఆవిడ పాడిన పాట. ఏడాదికోసారి మేమంతా ముసుగులు వేసుకుని, గొంతులు కలిపి, ఆ మాటలు పాడి ఇంటికొచ్చి మొగుళ్ళకి వడ్డిస్తాం. ఒక్క గద్దె కదలదు. పెళ్ళి కాకుండా కడుపుతో ఉన్న ఆ మరియమ్మని, చేసుకోబోయే యోసేపు నలుగురిలో నవ్వులపాలు చేయకూడదనుకున్నాడు. అదే మా సంఘమైతే ఆవిడ కోసం నన్నొక కాగితం దించమనేవాళ్ళు. నాకు దేవుడి మీద నమ్మకం పోలేదు. పోతే బాగుండేది, ఇంత మంట ఉండేది కాదు. ఆయన పశువుల పాకలో పుట్టాడని నేను నిజంగానే నమ్ముతాను. అందుకే అడుగుతున్నాను, ఆ పాక దగ్గర ఉత్తరాలు చూసి లోపలికి పంపే పెద్దల్ని ఎవరు పెట్టారు? మేము న్యాయం అడుగుతాం, వాళ్ళు దయ చూపిస్తామంటారు. దయకి మోకరించాలి. న్యాయానికి నిలబడొచ్చు. తేడా వాళ్ళకి బాగా తెలుసు.

ఆదివారం చదివాను. నాకు మంచి గొంతుంది, రేకుల కప్పు మీద వాన పడుతున్నా చివరి బెంచీ దాకా వినపడుతుంది. చివరి వాక్యం దాటేద్దామనుకున్నాను. దాటేస్తే ఉత్తరం రాదు. నా ధైర్యానికి ఆ పిల్ల గది పోతుంది. కాబట్టి చదివాను, ఒక్క అక్షరం వదలకుండా. మా స్త్రీల సమాజం కామమ్మగారు కన్నీళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు అమ్మడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు.

ఆరాధన అయ్యాక అమ్మడు ఉత్తరం కోసం సంఘ పెద్ద పున్నయ్యగారి దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను. ఆయన చాలా ప్రేమగా మాట్లాడాడు. "ఉత్తరానికి తొందరేముందమ్మా. ఇప్పుడే కదా దేవుడి ముందు మాటిచ్చావు, ముందు మీ ఇంటికెళ్ళు. జనవరిలో చూద్దాం." తలుపు దగ్గర పోలిరాజు నిలబడి ఉన్నాడు, తెల్లచొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని. పెద్దలే పిలిపించారు. మా ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు. అమ్మడు నా వైపు చూసింది. అందరికీ వినపడేలాగ ప్రమాణం చదివింది నేనే, ఇప్పుడు ఏమని అడ్డుపడను? ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, దేవుడు కలిపాడని, ఆ పిల్లని వాడి పక్కన నడిపించారు. యర్రమ్మ ఒక్కతే చెప్పులు కాలికి తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని, వానలో వాళ్ళ వెనక పరిగెత్తింది. బుధవారం ఓడ వెళ్ళిపోయింది.

శనివారం క్రిస్మస్. అమ్మడు వచ్చింది, మొగుడితో. కొత్త చీర. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. నేను వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. ఎడమ వైపున్నాను కాబోలనుకుని కుడి వైపుకి వచ్చి, దగ్గరగా పిలిచాను. తిరగలేదు. కుడి దవడ ఉబ్బి ఉంది, చీర చెంగు దాని మీదకి లాక్కుంది. వినపడలేదో, నా గొంతు వినకూడదనుకుందో, నాకు ఈనాటికీ తెలీదు. రెండోదే అయి ఉండాలని ప్రార్థించాను. క్రిస్మస్ నాడు నేను దేవుణ్ణి అడిగిన వరం అది, ఆ పిల్ల నన్ను అసహ్యించుకుని ఉండాలని.

పళ్ళెం తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. నేను కాల్చిన రొట్టె, నేను పిండిన రసం. ముట్టుకోలేదు. పక్కనున్న కమలాకుమారికి అందించేశాను. మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన చూస్తున్నాడు. పున్నయ్యగారూ చూశారు.

మధ్యాహ్నం వండి పెట్టిందంతా తిని, చెయ్యి కడుక్కున్నాక మా ఆయన అడిగాడు, బల్ల ఎందుకు తీసుకోలేదని. అమ్మడి చెవి అన్నాను. "దానికీ నీకూ ఏంటి సంబంధం? పెద్దలు ఊరుకోరు. కారణం లేకుండా బల్ల కాదన్నావంటే సంఘాన్ని కాదన్నట్టే. రేపు ఆదివారం ఒప్పుకోలు చదివేస్తే గొడవ లేకుండా పోతుంది" అన్నాడు. కడగాల్సిన గ్లాసుల పళ్ళెం పక్కకి జరిపి, ఒక తెల్లకాగితం, పెన్ను, బైబిల్లోంచి ఆ మాదిరి కాగితం తీసి, అలవాటుగా, నా ముందు పెట్టాడు. నా పాపం రాయడానికి కూడా నా చెయ్యే కావాలి. పడకకుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

మడత విప్పాను. పదకొండేళ్ళ కిందట కడుపులో బిడ్డ పోయి, పాలు ఆగక, చెప్పకుండా ఓడెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్ళి రెండు నెలలుండి వచ్చాను. "బిడ్డ పోతే ఇంకో బిడ్డని కంటారు గాని ఓడెక్కుతారా" అంది మా అత్తగారు. ఆ క్రిస్మస్‌కి ముందు ఆదివారం నిలబడి ఈ కాగితమే చదివాను. మాటల పొందిక బాగుందని అయ్యగారు దాన్ని మాదిరిగా దాచమన్నారు. ఆరుగురు ఆడవాళ్ళనీ, అమ్మడినీ నేను అందులోంచే దించాను. ఈసారి పేరు కూడా మార్చక్కర్లేదు.

నేను రాయకపోతే అమ్మడి చెవి తిరిగి రాదు. వచ్చే ఏడాది ఎవరో ఒకరు కోడి గెలికినట్టైనా రాస్తారు, ఎవరో ఒకర్ని నిలబెడతారు. అదంతా నాకు తెలుసు.

"రాశావా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

పెన్ను మూత పెట్టేశాను. ద్రాక్షరసం మరకలు ఇంకా వదలని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఇంటికి వచ్చిన తర్వాత మొదటిసారి, నా చెయ్యి ఖాళీగా ఉంది.